ఎండవాలు కింద బడి

వేవి గురించి చెప్పమంటే మా ఊళ్ళో ఎవరైనా ముందు ఆమె నోటి దురుసు గురించే చెబుతారు. నేను ఆమె కళ్ళ గురించి చెబుతాను. మేమందరం కొండని చూస్తే మంచు కనిపిస్తుంది. ఆమెకి మంచు కింద ఉన్న గడ్డి కనిపిస్తుంది. పదమూడో ఏట మొదలుపెట్టి నలభై రెండో ఏటిదాకా ప్రతి ఆగస్టులోనూ కాళ్ళకి ఇనుప ముళ్ళు కట్టుకుని, మేకలు కూడా ఆలోచించి అడుగేసే వాలు మీద నిలబడి పొడుగు కొడవలితో గడ్డి కోసిన మనిషి. అసలు పేరు గెనోవేవా. ఆ పేరుతో పిలిచేది చర్చిలో ఫాదర్ ఒక్కరే.

నా పేరు అఫ్రా. స్కీలూ బూట్లూ అద్దెకిచ్చే కొట్లో ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. వేవి ఆవులు అమ్మేశాక చలికాలాలు నా పక్కనే, పిల్లల బూట్ల బల్ల దగ్గర కూర్చునేది. పిల్ల కాలికి బూటు తొడిగి మడమ దగ్గర ఒకసారి నొక్కి, "ఇది కరుస్తోందే, ఇంకోటియ్యి" అనేది. ఆ పిల్ల అప్పటికింకా ఏడుపు మొదలుపెట్టి ఉండదు. రోజంతా బల్ల ముందు కిటికీలోంచి ఎండవాలు, ఆమె గడ్డి కోసిన ఆ కొండవాలు, కనిపిస్తూ ఉండేది. నేను కొన్ని గంటలపాటు దాన్ని మరచిపోగలిగేదాన్ని. ఆమె మరచిపోయేది కాదు.

మా లోయలో పిల్లకి అయిదేళ్ళు నిండిన చలికాలం వచ్చిందంటే మొదటి స్కీలు కొనేది తల్లిదండ్రులు కాదు, బాప్తిస్మం నాడు పిల్లని ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి. డిసెంబరు మొదటి ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద స్కీలు చేతికిస్తాడు. మర్నాడు పొద్దున్న పిల్లని స్కీ బడికి తీసుకెళతాడు. ఆయన ఏ బడికి తీసుకెళితే పిల్లది ఆ బడి. తల్లి కాదనకూడదు, అమ్మమ్మ అసలే కాదనకూడదు. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ, దాన్ని దాటినవాళ్ళని పదేళ్ళపాటు ఆడిపోసుకోవడం మాత్రం అందరికీ తెలుసు.

వేవికి ఒక్కతే కూతురు, ఓటీలియె. హోటల్లో వచ్చేపోయే అతిథులకి తాళాలిచ్చే ఉద్యోగం. భర్త లారీ మీద వారానికోసారి ఇంటికొస్తాడు. వాళ్ళ పిల్ల ఫిలొమెనా. మేనా అంటాం. జ్ఞానతండ్రి కొర్బినియన్. పోయిన చలికాలంలో మేనాకి అయిదేళ్ళు నిండాయి.

ఊళ్ళో బడులు రెండు. కొర్బినియన్‌ది నీలం కోట్ల బడి, ఎండవాలు అడుగున. పిల్లలు ఎక్కి నిలబడితే చాలు, పైకి తీసుకెళ్ళే బెల్టు ఉంది. దారి పొడుగునా రంగులేసిన చెక్క ఎలుగుబంట్లు. పదకొండున్నరకి వెచ్చటి గదిలో బార్లీ సూపు. రెండోది ఇంగెనుయిన్‌ది, ఎర్ర కోట్ల బడి, ఏటికి అవతల నీడవాలు మీద. అక్కడ నవంబరు నుంచి జనవరి ఆఖరిదాకా ఎండ పొడ పడదు. బెల్టు లేదు. పిల్లలు స్కీలు కాళ్ళకి ఉండగానే పీతల్లా పక్కకి నడుస్తూ ఎక్కాలి. ఆయనకి డెబ్భై నాలుగు. నవ్వడం రాదు. ఏ తల్లయినా ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పాలా?

నవంబరు చివర ఒక మధ్యాహ్నం ఓటీలియె వంటింట్లో నేనూ ఉన్నాను. కొర్బినియన్ వచ్చాడు. నిజానికి మంచివాడు. చిన్నప్పుడు వేవి గడ్డి మోపుల మీద ఎక్కి ఆడుకున్నవాడే.

"మేనాకి బూటు సైజెంత, వేవత్తా?"

"చెబుతా గానీ కొర్బీ, నీ బడి పైన గడ్డి ఎప్పుడు కోయించావు?"

"గడ్డా? ఆవులెక్కడున్నాయత్తా ఇప్పుడు? కోసి నేను తినాలా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

వేవి నవ్వలేదు. "పద్దెనిమిదేళ్ళయింది ఆ వాలు మీద కొడవలి ఆడి. గడ్డి మోకాలెత్తు పెరిగి కిందికి వాలిపోయింది. నూనె రాసి దువ్విన జుట్టులా ఉంది. దాని మీద మంచు ఎట్టా నిలబడుద్ది? కోసిన గడ్డయితే మొదళ్ళు గుచ్చుకుని పట్టుకుంటాయి."

"అమ్మా, మొదలెట్టావా మళ్ళీ?" అంది ఓటీలియె. "పోయినేడు ఏటి వంతెన కూలిపోద్దన్నావు. కూలిందా?"

"పైన నోరు తెరుచుకుంటే అప్పుడు చూద్దాంలే అత్తా," అన్నాడు కొర్బినియన్, కాఫీ తాగుతూ. "తెరిస్తే మరీ మంచిది."

కొర్బినియన్‌కి తన తప్పు అప్పటికి తెలిసింది. ముఖం ఎర్రబడింది.

గడ్డి మీద పరుచుకున్న మంచంతా ఒక్క దుప్పటిలా కిందికి జారబోయి ఆగినప్పుడు పైన అడ్డంగా చీలి, ఆ చీలికలో గోధుమరంగు గడ్డి బయటపడుతుంది. మా లోయలో దాన్ని నోరు అంటాం. మా పెద్దల సామెత ఒకటుంది: "నోరు తెరిచిన మంచు కరవదు." చీలితే బిగువు వదిలిపోయినట్టే, ఇక భయం లేదని. ఇరవై రెండేళ్ళ కిందట మార్చిలో ఒక పొద్దున పై రోడ్డు మీద అలాగే నోరు తెరుచుకుంది. రోడ్డు గేటు ఆ రోజుల్లో ఇంగెనుయిన్ చేతిలో ఉండేది. ఆ సామెత నమ్మి గేటు ఎత్తాడు. పాల వ్యాను తోలుకుంటూ వెళ్ళింది వేవి మొగుడు విగిల్. మూడో రోజుకి మంచు కిందనుంచి తీశారు. ఆ రోజు నుంచీ వేవి ఇంగెనుయిన్‌తో మాట్లాడలేదు. అతను వస్తుంటే ఆమె వీధి దాటి అవతలికి వెళ్ళేది.

సామెత మాత్రం ఊళ్ళో అలాగే ఉండిపోయింది. మనిషి పోయినా సామెత పోదు.

డిసెంబరు మొదటి ఆదివారం కొర్బినియన్ స్కీలిచ్చాడు. సోమవారం పొద్దున్న తొమ్మిదికి వచ్చి తీసుకెళతానన్నాడు. ఆ ఆదివారం సాయంత్రమే వేవి నా ఇంటి తలుపు కొట్టింది.

"అఫ్రా, కోటేసుకో. ఏరు దాటాలి."

"ఎవరింటికక్కా?"

"నోరు మూసుకుని రా."

ఇంగెనుయిన్ తన కొట్టంలో స్కీల అంచులు ఆకురాయితో సాన పడుతున్నాడు. గుమ్మంలో ఆమెని చూసి ఆకురాయి కింద పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు. నాకు పారిపోవాలనిపించింది.

"పిల్లని నీ బడిలో వెయ్యాలి," అంది వేవి. "అయిదేళ్ళు. పేరు మేనా."

"విగిల్ మనవరాలా?"

"నా మనవరాలు."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నన్ను నమ్ముతావా వేవీ?"

"నిన్ను కాదు. నీ నీడవాలుని. దాని పైన అడివుంది, గడ్డి లేదు."

"తొమ్మిదింటికల్లా తీసుకురా. చేతి తొడుగులు రెండు జతలు పెట్టు." మేం వెనక్కి తిరిగాక మళ్ళీ అన్నాడు. "ఆ సామెత ఆ తర్వాత నేనెవరికీ చెప్పలేదు వేవీ."

"నువ్వు చెప్పక్కర్లేదు. ఊరంతా చెబుతూనే ఉంది."

దారంతా ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచింది. చలికని నేను అనుకోలేదు.

సోమవారం ఓటీలియె ఆరింటికే పనికి పోయింది. కొర్బినియన్ తొమ్మిదికి వచ్చి తలుపు తట్టేసరికి లోపల ఎవరూ లేరు. మేనా నీడవాలు మీద పీతలా పక్కకి నడుస్తోంది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రం ఓటీలియె నా కొట్లోకే వచ్చి, బూట్లు కొలిపించుకుంటున్న వాళ్ళ ముందే తల్లిని కడిగేసింది.

"ఆయన జ్ఞానతండ్రమ్మా! గుమ్మంలో నిలబెట్టి అవమానిస్తావా? నాన్నని పొట్టన పెట్టుకున్నవాడి దగ్గరికి తీసుకెళతావా? నీకేమన్నా మతి పోయిందా?"

"మతి పోలేదే. ఆ వాలు జారుద్ది."

"ఎప్పుడు?"

"అది నాకెట్టా తెలుసు? ఇవాళ జారొచ్చు, మార్చిలో జారొచ్చు. అదే కదా దాంతో చిక్కు."

ఓటీలియె గొంతు తగ్గించి, అరిచినదానికన్నా గట్టిగా తగిలేలా అంది. "సరే. ఈ ఒక్క చలికాలం నీ మాటే. ఈస్టరుదాకా. ఆ వాలు జారితే నీ కాళ్ళు పట్టుకుంటా. జారకపోతే వచ్చే యేడు మేనా కొర్బీ బడికి వెళుద్ది, నువ్విక జన్మలో నోరెత్తకూడదు."

"సరే," అంది వేవి. అంత త్వరగా సరేనన్నందుకు తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో నాకు తెలుసు.

ఆ చలికాలం మేనా బుగ్గలు బీట్‌రూట్ దుంపల్లా కందిపోయాయి. "అమ్మమ్మా, నా వేళ్ళు ఎక్కడికో పోయాయి," అని ఏడుస్తూ వచ్చేది. "నీలం పిల్లలకి సూపు ఇస్తారంట, ఎలుగుబంటి కూడా ఉందంట." వేవి ఆ చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టేది. ఇంగెనుయిన్ బడిలో పిల్లలు ఆరుగురే. కొర్బినియన్ బడిలో ఒక్కో వారం పద్నాలుగు, పదహారు.

జనవరి రెండో వారంలో దక్షిణం నుంచి వేడిగాలి వీచింది. మూడో రోజు పొద్దున్న కొట్టు తలుపు తీసి కిటికీ తెర జరిపితే ఎండవాలు మీద నోరు తెరుచుకుని ఉంది. అడ్డంగా, ఒక చర్చి పొడుగున, లోపల గోధుమరంగు గడ్డితో. వేవి కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "తెరిచింది," అంది. అంతే.

మంచు జారే ప్రమాదం ఉందో లేదో చూసే ఊరి కమిటీ వాళ్ళు ముగ్గురు దూరదర్శినులు పట్టుకుని వచ్చారు. రెండు రోజులు బెల్టు ఆపించారు. చలి మళ్ళీ బిగిశాక, కింద చెట్ల వరస ఉంది, చీలిక పెరగడం లేదు, తెరుచుకోవచ్చన్నారు. వాళ్ళలో ఒకాయన మెట్లు దిగుతూ ఆ సామెత కూడా అన్నాడు. నేను విన్నాను.

ఫిబ్రవరి గడిచింది. ప్రతి ఉదయం వేవి నాకన్నా ముందే వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. ఒకరోజు కొట్లో ఎవరూ లేనప్పుడు నా వైపు తిరగకుండానే అంది.

"అఫ్రా, నాకో పాడుబుద్ధి పుట్టింది. ఎవరికీ చెప్పకు."

"చెప్పక్కా."

"పొద్దున్నే లేచి చూస్తానా, వాలు అట్టాగే ఉంటుంది. అయ్యో, ఇవాళ కూడా జారలేదే అనిపిస్తుంది. కింద పద్నాలుగు మంది పిల్లలున్నారే! వాళ్ళందరి మీదా పడాలని కోరుకుంటున్నానా నేను? నా మాట నెగ్గడం కోసం?"

"పిల్లలు లేనప్పుడు జారాలని కోరుకుంటున్నావులే అక్కా," అన్నాను.

"అట్టా అని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నా. మొదట వచ్చే ఆలోచన మాత్రం అది కాదు."

ఈస్టరు వచ్చింది. వాలు జారలేదు. మంచు ఎండకి పలచబడి, గొర్రె తోలంత మిగిలి, ఒక వారంలో నీళ్ళయి ఏట్లో కలిసింది. పచ్చిక మీద పసుపు పూలు వచ్చాయి. బేకరీలో, చర్చి ముందు, హోటల్ వరండాలో, వేవి కనిపిస్తే చాలు, "ఏం వేవీ, కొండ ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవాళ్ళు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మూతి విరిచారు. కొర్బినియన్ మాత్రం ఏమీ అనలేదు. అదే ఆమెని ఇంకా కాల్చింది.

జూలై ఆఖర్న ఆమె అటక మీంచి కొడవలి దించింది. అరవై ఒకటో ఏట.

"మాటిచ్చాను, నోరెత్తను," అంది నాతో. "చేతులెత్తనని చెప్పలేదుగా."

ఒక్కతే. నాలుగింటికి లేచి ఎక్కేది, ఎండ ముదిరేదాకా కోసేది. నేను రోజు విడిచి రోజు పొగపెట్టిన మాంసం, రొట్టె, పుల్లమజ్జిగ పట్టుకెళ్ళేదాన్ని. ఆమె కొడవలి తిప్పడం చూస్తుంటే ఒళ్ళు జలదరించేది. అంత అందంగా ఉండేది, అంత భయంగానూ ఉండేది. కింద నుంచి చూస్తే ఊరికి కోసిన పట్టీ రోజురోజుకీ పైకి పాకడం కనిపించేది. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. కొర్బినియన్ ఒక రోజు గసగసాల కేకు పంపించాడు.

పన్నెండో రోజు కాలు జారింది. ఇనుప ముళ్ళు పట్టుకోబట్టి బతికింది గానీ మోకాలు కుండంత వాచింది. అప్పటికి కోసింది అడుగు భాగం, మూడో వంతు. దాని పైన ఒక రాతి గట్టు అడ్డం ఉంది. గట్టు అవతల అసలు నిటారు భాగం మొదలవుతుంది. నోరు తెరుచుకునేది అక్కడే. ఊళ్ళోంచి చూస్తే అంత ఎత్తున గడ్డి కోసిందో కోయనిదో తేలదు. కోయని గడ్డి సంగతి తెలిసింది ఇద్దరికే. ఆమెకీ నాకూ.

ఆగస్టు పదిహేను మరియమ్మ పండగ. ఆడవాళ్ళందరం మూలికల కట్టలు పట్టుకుని చర్చికి వెళ్ళాం. పూజ అయ్యాక ఫాదర్ మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా అన్నారు. "పద్దెనిమిదేళ్ళుగా కొడవలి ఎరగని ఎండవాలుని మన గెనోవేవా ఒంటిచేత్తో మొత్తం కోసేసింది. మన పిల్లల కోసం." జనం చప్పట్లు కొట్టారు. ఓటీలియె జనంలోంచి వచ్చి, ఎనిమిది నెలల తర్వాత తల్లిని కౌగిలించుకుంది.

వేవి నా వైపు చూసింది. తర్వాత తల ఊపింది. అవునన్నట్టుగా.

అలా తల ఊపినందుకు నేను ఆమెని క్షమించలేదు. ఆ రోజు అక్కడే ఉండి నోరు మూసుకున్నందుకు నన్ను నేనూ క్షమించుకోలేదు. అంత నవ్వులపాలైన మనిషికి, కూతురు మెడ చుట్టూ చేతులేసిన ఆ ఒక్క నిమిషం పాడుచెయ్యలేకపోయాను.

"మోకాలు తగ్గనీ, సెప్టెంబరులో మిగతాది కోసేస్తా," అంది దారిలో. "అప్పుడు అబద్ధం కాదుగా."

"అక్కా, ఇప్పుడే చెప్పెయ్యి."

"కోసేస్తానన్నాగా!"

సెప్టెంబరులో మోకాలు తగ్గలేదు. ఇరవయ్యో తేదీకి పైన ముందస్తు మంచు పడింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆమె పెదవి కూడా కదపలేదు, తలే ఊపింది. అది చాలింది. అక్టోబరులో కొర్బినియన్ బడి ముందు కొత్త పలక వెలిసింది: "మా పై వాలు ఈ వేసవిలో పూర్తిగా కోయబడింది. మీ పిల్లలు నిశ్చింతగా నేర్చుకోవచ్చు." ఇంగెనుయిన్ దగ్గరున్న ఆరుగురిలో నలుగురిని తల్లిదండ్రులు నీలం బడికి మార్చారు. ఆయన దగ్గర మిగిలింది ఇద్దరు.

నవంబరులో నేల ఇంకా వెచ్చగా ఉండగానే నాలుగు రోజులు ఆగకుండా మంచు కురిసింది. అంతకన్నా చెడ్డ మొదలు ఉండదు. అయిదో రోజు ఓటీలియె మేనాని తీసుకుని బూట్లు మార్పించడానికి కొట్లోకి వచ్చింది. కొర్బినియన్ కూడా వెంటే ఉన్నాడు, చేతిలో చిన్న నీలం కోటుతో. మేనా దాన్ని అప్పుడే తొడిగెయ్యమని గెంతుతోంది.

వేవి ఒక మోకాలు నేల మీద ఆన్చి కూర్చుని పిల్లకి బూటు తొడుగుతోంది. సగంలో ఆగిపోయింది.

"నేను మొత్తం కొయ్యలేదు," అంది.

"ఏంటమ్మా?"

"ఎండవాలు. మూడో వంతే కోశా. గట్టు పైన మొత్తం అట్టాగే ఉంది. పండగ రోజు అబద్ధం చెప్పా. తప్పయిపోయింది. పిల్లని పంపించొద్దు. ఏ పిల్లనీ పంపించొద్దు, కొర్బీ."

కొర్బినియన్ ముఖంలో రంగు మారింది. కిటికీ వైపు చూశాడు. అక్కడ కనిపించేదంతా తెలుపే. ఒక మీటరు మంచు కింద ఏ గడ్డి కోసిందో ఏది కోయనిదో ఎవరు చెబుతారు?

"నిజమే," అన్నాను నేను. "నేను కళ్ళారా చూశా. అన్నం పట్టుకెళ్ళింది నేనే."

ఓటీలియె నా వైపు తిరిగింది. "నువ్వెప్పుడు అమ్మ మాట కాదన్నావు పిన్నీ? నిరుడు ఏరు దాటించింది కూడా నువ్వేగా." తర్వాత తల్లి పక్కన కూర్చుంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అమ్మా, మాటిచ్చావు. నిరుడు మేనాని లాగేసి మిగతా పద్నాలుగు మందిని అక్కడే వదిలేశావు. నీకు నిజంగా భయముంటే వాళ్ళనెందుకు వదిలేశావు? ఆగస్టులో మొత్తం కోశానన్నావు. ఇప్పుడు మూడో వంతంటున్నావు. నీ ఏ మాట మీద నా పిల్లని నిలబెట్టమంటావు?"

మేనా రెండో కాలు ముందుకి చాపింది. వేవి బూటు తొడిగి, మడమ దగ్గర నొక్కి చూసి, పట్టీ బిగించింది.

కొర్బినియన్ మళ్ళీ కమిటీని పిలిచాడు. ఆ పాపం అతనికి అంటగట్టను. వాళ్ళు వచ్చి చూశారు. పైకి ఎక్కడం ప్రమాదమన్నారు, కాబట్టి ఎక్కలేదు. కోసిన వాలని ఊరంతా చెబుతోంది, ఇద్దరు ముసలమ్మలు కాదంటున్నారు. గమనిస్తూ ఉండమని చెప్పి వెళ్ళిపోయారు. డిసెంబరు పన్నెండున గట్టుకి పైన, ఆమె కొడవలి చేరని చోట, నోరు తెరుచుకుంది. ఈసారి గుర్రపు నాడా ఆకారంలో, నిరుటికి రెండింతలు. ఊరు మళ్ళీ ఆ సామెతే చెప్పింది, బడి నడుస్తూనే ఉంది.

ఆ మర్నాడు వేవి నా కొట్లో పని మానేసింది. నీలం బడికి వెళ్ళి, బెల్టు పై చివర దిగేటప్పుడు పడిపోయే పిల్లల్ని లేవదీసే పని ఇమ్మని అడిగింది. ఆ పనికి మనిషి దొరక్క కొర్బినియన్ అప్పటికే వారం నుంచి తంటాలు పడుతున్నాడు. ఆనందంతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమెకి సరిపడే నీలం కోటు లేకపోతే తన కోటే విప్పి ఇచ్చాడు. బడి మొత్తంలో కొండకి అన్నిటికన్నా దగ్గరగా ఉండే చోటు అదే.

రోజూ తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నరదాకా అక్కడే నిలబడుతుంది. ఒక చేత్తో పిల్లల్ని లేపుతుంది, కళ్ళు పైన ఉంటాయి. మేనా పైకి రాగానే భుజం పట్టుకుని, అందరికన్నా ముందు కిందికి పంపించేస్తుంది. జారే చప్పుడు వినపడితే ఎంతమందిని ఎటు తొయ్యాలో లెక్క వేసుకుందట. తన చేతులకి అందేది నలుగురేనట. ఆ నలుగురూ ఎవరన్నది మాత్రం నాకు చెప్పలేదు.

నిన్న పొద్దున పదింటికి ఓటీలియె రాత్రి పని ముగించుకుని హోటల్ నుంచి ఇంటికి పోతూ కొట్లో ఆగింది. చాలా రోజుల తర్వాత ముఖం తేటగా ఉంది. కొత్తగా దిగిన అతిథులు బడి గురించి అడిగితే, వాలు కింద నిలబడేది మా అమ్మేనని చూపించి చెబుతోందట. తొమ్మిది మంది కొత్త పిల్లలు చేరారట.

"చూశావా పిన్నీ? అంత గోల చేసిన మనిషి, ఇప్పుడు సరిగ్గా దాని కిందే నిలబడుతోంది. నిజంగా భయముంటే అమ్మ అక్కడ నిలబడుతుందా?"

ఆమె వెళ్ళిన వెంటనే కొట్టుకి తాళమేసి ఏకబిగిన పైకి ఎక్కాను. ఊపిరాడక బెల్టు పక్కనే కూలబడి, ఓటీలియె అన్నదంతా వేవికి చెప్పాను. "దిగిపో అక్కా," అన్నాను. "నిన్ను చూసే పంపిస్తున్నారు. నువ్వు దిగిపోతే కొంతమందైనా మానేస్తారు."

వేవి బెల్టు వైపు చూసింది. మేనా పైకి వస్తోంది, దాని వెనక ఇరవై రెండు మంది. "నేను దిగితే మేనా దిగుద్దా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా పిల్ల వచ్చేసింది. వేవి భుజం పట్టుకుని దాన్ని కిందికి తిప్పి, తర్వాతి పిల్లకి చెయ్యి చాపింది.